ఇరవై మూడో ప్రశ్న

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే జుట్టు నెరిసి ఉండాలి, కనీసం ఒక్కసారైనా శాలువా కప్పించుకుని ఉండాలి. నాకు ఆ రెండూ లేవు. ఉన్నదల్లా పదకొండు నెలల కాంట్రాక్టు ఉద్యోగం, అందులో మరిచిపోలేని రెండు వారాలు. సర్వే పనుల్లోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కొందరు, ఫారం ఎలా తయారుచెయ్యాలో చెప్పమని నన్ను అడుగుతుంటారు. ఫారం సంగతి చెప్పబోయి ప్రతిసారీ ఈ రెండు వారాల సంగతే చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒక ముక్క జారిపోతోంది. అందుకని కాయితం మీద పెడుతున్నాను.

జంషెడ్‌పూర్‌లో బిష్టుపూర్ వైపు ఒక ధర్మసంస్థ డిస్పెన్సరీ నడుపుతోంది. కాంట్రాక్టు పనివాళ్ళ కుటుంబాలకు అక్కడ మందులు ఉచితం. మందులు ఇచ్చినప్పుడల్లా ఒక అట్ట పుస్తకంలో ముద్ర వేస్తారు. ఆ పుస్తకాలు తీసేసి వేలిముద్రతో ప్లాస్టిక్ కార్డులు ఇద్దామని సంస్థ అనుకుంది. అయితే ఆ కబురు అందరికీ ఎలా చేరాలి? ఆ పనివాళ్ళ బస్తీలో ఇళ్ళన్నీ లైన్లుగా ఉంటాయి: ఒక లైను ఒడియావాళ్ళది, ఒకటి బెంగాలీలది, ఒకటి సంతాలులది, రెండు బీహార్ వాళ్ళవి, చివరిది మన తెలుగువాళ్ళది. ఏ లైనువాళ్ళు ఏ విషయాన్ని ఎక్కడ తెలుసుకుంటారు, తెలిశాక ఏం చేస్తారు అన్నది ముందు కనుక్కుని రమ్మని ముగ్గురిని పెట్టారు. రాంచీ నుంచి వచ్చిపోయే మేడమ్ మాకు పెద్ద. ఆవిడ కింద ఒడియా అమ్మాయి ఒకతె, నేను.

నేను పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చదివినవాణ్ణి. పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే, కద్మాలో. మా అమ్మది సిక్కోలు జిల్లా. ఇంట్లో అమ్మ తెలుగులో అడుగుతుంది, నేను హిందీలో జవాబు చెబుతాను. మా వీధిలో నా వయసువాళ్ళందరం అంతే. అదొక లోటని ఎప్పుడూ అనిపించలేదు.

నా ఫారంలో ఇరవై రెండు ప్రశ్నలు. ఇంట్లో ఫోను ఉందా? ఎన్ని? మెసేజ్ వస్తే చదవగలరా? పేపరు వస్తుందా? నోటీసు బోర్డు చూస్తారా? ప్రతిదానికీ పక్కన గడి, గడిలో టిక్కు. గడిలో పట్టని జవాబు రాకుండా ప్రశ్నను ముందే చెక్కిపెట్టాను. తెలుగు లైను మొత్తం మూడు రోజుల్లో ముగించాను. అడిగిందంతా హిందీలోనే. ఆఫీసు పని కాబట్టి ఆఫీసు భాష. గుమ్మంలో నిలబడి "ఆంటీజీ, ఫోన్ హై?" అంటే "హై" అనేవారు. టిక్కు.

ఒడియా అమ్మాయి రోజుకి నాలుగిళ్ళు దాటేది కాదు. వెళ్ళిన చోటల్లా కూర్చునేది. ఒకసారి వెతుక్కుంటూ వెళ్తే ఎవరింట్లోనో బఠానీలు ఒలుస్తూ కనిపించింది.

"ఇది ఏ గడిలోకి వస్తుంది?" అన్నాను.

"ఇంకా తెలీదు భాయ్. నువ్వు గడి ముందు గీసి మనిషిని తర్వాత వెతుక్కుంటావు. నాకు అలా చేతకాదు," అంది.

నవ్వేశాను. మేడమ్‌కి నా రిపోర్టే ముందు అందింది. అందులో చివరి వాక్యం నాకిప్పటికీ నోటికొచ్చు: తెలుగు లైనులో ఫోను లేని ఇల్లు లేదు, ఫోను మెసేజ్ పంపితే సరిపోతుంది. మేడమ్ మెచ్చుకుని, కార్డులిచ్చే కౌంటర్లో ఏ పని తర్వాత ఏ పని జరగాలో ఆ పట్టీ కూడా నన్నే రాయమన్నారు. అయిదు మెట్లు రాశాను. ఒకటి, పాత పుస్తకం తీసుకోవాలి. రెండు, ఆధార్ సరిచూడాలి. మూడు, వేలిముద్ర. నాలుగు, ఫొటో. అయిదు, కొత్త కార్డు. ఒకే మనిషి రెండు కార్డులు చేయించుకోకూడదని పుస్తకం ముందే తీసేసుకోమన్నాను. కింద నా సంతకం. దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి కౌంటర్లో గోడకి మేకు కొట్టించాను. చాలా బాగుందనుకున్నాను.

కార్డులకు గడువు ఒక సోమవారం మొదలై పై వారం శుక్రవారంతో సరి. ఆ తర్వాత పాత పుస్తకానికి మందులు ఇవ్వరు. మెసేజ్‌లు వెళ్ళాయి. అందినట్టు నా కంప్యూటర్లో రెండేసి టిక్కులు పడ్డాయి.

మొదటి శుక్రవారం సాయంత్రం పట్టిక తీశాను. బెంగాలీ లైను సగం అయిపోయింది. ఒడియా లైను ఇంచుమించు పూర్తి. తెలుగు లైను సున్నా.

రాంచీ నుంచి మేడమ్ ఫోను. "నీవాళ్ళే కదా? సున్నా ఏమిటి? పై శుక్రవారం దాటితే నేను కూడా ఏమీ చెయ్యలేను."

ఆ లైనులో ఎవరెవరు ఏ మందుల మీద ఉన్నారో నా దగ్గర జాబితా ఉంది. చక్కెర, రక్తపోటు, మూర్ఛ, ఒకరికి గుండె. అంతవరకూ అవి గడుల్లో మాటలు. ఆ సాయంత్రం మొదటిసారి జాబితాను కింద నుంచి పైకి చదివాను. పైనుంచి కిందకి మళ్ళీ చదివాను. 

శనివారం పొద్దున్నే ఆటో పట్టుకుని సోనారి దాటి బస్తీకి వెళ్ళాను. ఇంటింటికీ అదే ప్రశ్న. మెసేజ్ వచ్చిందా? "ఆయా." తేదీ తెలుసా? "పతా హై." పుస్తకం తీసుకురావాలని తెలుసా? "పతా హై." తెలియనివాళ్ళు ఒక్కరూ లేరు. ఒకాయన శుక్రవారం అని నాకంటే ముందే అనేశాడు. మరి ఎందుకు రాలేదంటే "ఆయేంగే" అన్నారు. వస్తాం. అందరూ అదే మాట, అదే గొంతు. గడులన్నీ నిండాయి. వస్తూ దారిలో లెక్కేశాను: సమాచారం చేరింది, అర్థమైంది, గుర్తుంది. నా చదువు ప్రకారం ఇక జరగాల్సింది ఒక్కటే మిగిలింది. అది జరగడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను గానీ ముద్ద దిగడం లేదు. అమ్మ చూసింది.

"ఏటైందిరా? ఆఫీసులో ఏటైనా అన్నారేటి?"

నేను హిందీలోనే మొత్తం చెప్పాను. అందరికీ తెలుసు, ఎవరూ రావడం లేదు అన్నాను. అమ్మ మజ్జిగ పోస్తూ తాపీగా అంది: "తెలిత్తే ఎల్లిపోతారేటి? ఎవులికైనా అయ్యిందేటి ముందు?"

"అంటే?"

"అంటే ఏటి? మొన్న గ్యాసుకి వేలిముద్దర ఎయ్యమన్నారు కదా. మెసేజ్ నీ ఫోనుకే వచ్చింది. నువ్వు చదివావు కూడా. నేను ఎల్లానా? పక్కింటి పిన్నికి అయ్యింది అన్నాకే ఎల్లాను. నీ పాలిటెక్నిక్ సీటుకైనా అంతే. ఎదురింటాళ్ళ అబ్బాయికి అయ్యిందాకా మీ నాన్న ఫారం కొననేదు. కాయితం వంద చెప్తాది నాన్నా. పని అయినోళ్ళు ఎవులో ఒకలు కావాలి."

 ఇరవై రెండు ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో వింటున్న ప్రశ్న అది.

సోమవారం మళ్ళీ వెళ్ళాను. గడువుకి అయిదు రోజులు. ఈసారి ఫారం తీసుకెళ్ళలేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లైను మొదట్లో అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ప్లాంటులో కాంట్రాక్టర్ల కింద ముప్పై ఏళ్ళు బరువులెత్తే పని చేసినవాడు. శనివారం నాకంటే ముందే శుక్రవారం అన్నది ఈయనే. ఆయన పక్కన కూర్చుని, నాకు వచ్చిన తెలుగు కూడగట్టుకున్నాను.

"పెదనాన్నా, మన లైన్లో ఎవులికైనా అయ్యిందా?"

ఆయన నా వైపు తిరిగి పైనుంచి కిందదాకా చూశాడు.

"నువ్వు మనోడివేటి? మరి ఇన్నాళ్ళూ ఆ హిందీ ఏటి, ఇనస్పెట్రు లాగ?"

"ఆఫీసు పని కదా అని..."

"ఊళ్ళో ఎవులోళ్ళు మీరు?" అన్నాడు. అమ్మ పుట్టిన ఊరు చెప్పాను. నాన్న ఊరు చెప్పాను. అవి అయ్యాకే అసలు సంగతికి వచ్చాడు. "అవడం ఏటి బాబూ. అయినోళ్ళు నేరు. పోయినోళ్ళున్నారు. మొదటి రోజే ఒకామె ఎల్లింది. పుస్తకం లాక్కున్నారు, కార్డు ఇవ్వనేదు. అదీ సంగతి. ఇంకెవులెల్తారు?"

"ఈ మాట నాతో శనివారమే చెప్పొచ్చు కదా."

"ఆఫీసోడికి ఆఫీసు మీద సెప్తామేటి? రేపు ఆమెకి ఆ మందులు కాస్తా ఆగిపోతే?"

కబురు చేరినా ఎందుకు కదలడం లేదని నేను బెంగపడుతున్నాను. అసలు కబురు మొదటి సోమవారం సాయంత్రానికే ప్రతి ఇంటికీ చేరిపోయింది. నా మెసేజ్ కంటే వేగంగా చేరింది, పైగా అది నిజం.

ఆమె ఇల్లు లైనులో ఏడోది. శనివారం తాళం వేసి ఉంది. అరవై దాటిన విధవరాలు. సోనారి ఇళ్ళల్లో అంట్లు తోమే పని. నా జాబితాలో "గుండె" అన్న ఒక్క పేరూ ఆవిడదే. కొన్నేళ్ళ కిందట వాల్వు మార్చారు, రక్తం గడ్డకట్టకుండా రోజుకో బిళ్ళ జన్మంతా వేసుకోవాలి. చేతులు నా ముందు చాపింది. వేళ్ళ కొసలు గాజులా నున్నగా ఉన్నాయి. బూడిద, సబ్బు, ఇనుప పీచు కలిసి గీతలన్నీ తినేశాయి.

"పదిసార్లు నొక్కించినాడు బాబూ. పడనేదు. పోన్ సేత్తాం ఎల్లు అన్నాడు. పుస్తకం ఇవ్వు నాయనా అంటే, ఇవ్వకూడదు, రాసుంది సూడు అని గోడ మీద సూపించినాడు."

గోడ మీద ఉన్నది నా పట్టీ. ఒకటో మెట్టు, పుస్తకం తీసుకోవాలి. మూడో మెట్టు, వేలిముద్ర. మూడు కుదరకపోతే ఏం చెయ్యాలో రాయలేదు. కుదరకపోవడం అనేది నాకు తోచనే లేదు.

"ఫోను చేశారా?"

"నంబరు మా మేనల్లుడిది. ఆడు కళింగనగర్ పనికెల్లిపోనాడు."

"బిళ్ళలు ఎన్నున్నాయి పెద్దమ్మా?"

దిండు కింద నుంచి తీసి చూపించింది. రేకులో ఆరు. పక్కన రేకు ముక్కలో చుట్టిన సగం బిళ్ళ ఒకటి. ఆరు అని రాసుకున్నాను. ఆ సగాన్ని చూశాను, లెక్కలో వెయ్యలేదు. ఇది చదువుతున్న మీరు మిగతాదంతా మరిచిపోయినా ఈ వాక్యం మరిచిపోవద్దు.

బయటికి వచ్చి మేడమ్‌కి ఫోను చేశాను. వేలిముద్ర పడనివాళ్ళ సంగతి కమిటీలో పెట్టాలని, శనివారం వచ్చాక చూద్దామని అన్నారు. లెక్కేశాను. ఆరు బిళ్ళలు, ఆరు రోజులు, శనివారం దాకా ఆవిడకి ఢోకా లేదు. కానీ శుక్రవారం లోపల ఆవిడకి "అవ్వకపోతే" లైనులో ఎవరికీ అవ్వదు. అందుకని మంగళవారమే తీసుకెళ్దామనుకున్నాను. ఆవిడ కోసం కాదు, లైను కోసం. దాచుకోవడం ఎందుకు.

మంగళవారం ఆటోలో ఆవిడ, నేను, ఒడియా అమ్మాయి. కౌంటర్ గుమస్తా బీహార్ మనిషి, నలభై దాటినవాడు, నన్ను ఇంజనీర్ సాబ్ అని పిలిచేవాడు. గౌరవంతో కాదు. సంగతి విని తల అడ్డంగా ఊపాడు.

"లిస్టులో లేదు ఇంజనీర్ సాబ్." చూపుడువేలు నా సంతకం కింద ఆనించాడు. "ఎవరు రాశారో గానీ చాలా గట్టిగా రాశారు."

యంత్రంలో వేలిముద్ర దాటవేసే మీట ఒకటి ఉంది. దుర్వినియోగం కాకూడదని దానికి తాళం వేసింది నేనే. ఆ తాళం మాట, అంటే పాస్‌వర్డు, మేడమ్‌కి తెలుసు, పెట్టినవాణ్ణి కనుక నాకూ తెలుసు. వాడే హక్కు మాత్రం నాకు లేదు. కాంట్రాక్టు కాగితంలో ఆ మాట కూడా రాసుంది.

 ఒడియా అమ్మాయి తన సంచిలోంచి నల్ల మార్కరు తీసి కౌంటర్ మీద పెట్టింది. ప్లాస్టిక్ తొడుగు మీదే, మూడో మెట్టు పక్కన ఖాళీలో రాశాను: ముద్ర పడకపోతే ఆధార్, ఫొటో చూసి కార్డు ఇవ్వాలి. ఒకటో మెట్టు కొట్టేసి అయిదు తర్వాత రాశాను: కొత్త కార్డు చేతికిచ్చాకే పుస్తకం తీసుకోవాలి.

"సంతకం," అన్నాడు గుమస్తా. పెట్టాను. "తేదీ కూడా వెయ్యండి. రేపు నన్ను అడుగుతారు." వేశాను. అతను లేచి అట్టపెట్టె వెతికి ఆవిడ పుస్తకం తీశాడు. దుమ్ము లేకపోయినా ఒకసారి అరచేత్తో తుడిచాడు. "నేనూ అడుగుదామనే అనుకున్నాను సాబ్," అన్నాడు నెమ్మదిగా. "ఎవరిని అడగాలో అది కూడా లిస్టులో లేదు."

యంత్రంలో తాళం మాట నేనే కొట్టాను. కార్డు వచ్చింది. మందుల కిటికీ దగ్గర డాక్టరు పాత పుస్తకం తిరగేసి, రోజూ వేసుకుంటున్నావా అని హిందీలో అడిగాడు. ఆవిడ తలూపింది. నేను తెలుగులో అడిగాను. "పెద్దమ్మా, రోజుకి ఒకటి వేసుకున్నారు కదా?"

"ఒకటెక్కడ బాబూ. పుస్తకం పోయిన రోజు నుంచి సగమే. ఇంకెప్పుడిత్తారో తెల్దు కదా."

రేకు ముక్కలో చుట్టిన సగం బిళ్ళ కళ్ళ ముందుకొచ్చింది. ఆరు బిళ్ళలు ఆరు రోజులు అనుకున్న నా లెక్క, ఆవిడ పన్నెండు రోజులకు సాగదీస్తున్న ప్రాణం. శనివారం దాకా ఢోకా లేదని నేను తేల్చింది ఆ ప్రాణం గురించే.

రక్తం తీశారు. ఫలితం చూసి డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇలాగే నడిస్తే వాల్వు దగ్గర గడ్డ కట్టడానికి ఎక్కువ రోజులు పట్టదన్నాడు. సూది మందు ఇచ్చి సాయంత్రం దాకా కదలొద్దని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. నేను పక్కనే కూర్చున్నాను. ఆవిడ మాట కాస్త తడబడినా, చెయ్యి తిమ్మిరెక్కిందన్నా లేచి డాక్టరు కోసం పరుగెత్తేవాణ్ణి. మధ్యాహ్నం ఆవిడే నన్ను ఓదార్చింది.

"అన్నం తినేసి రా, పో. నానేటీ పారిపోను."

"ఆ రోజు కౌంటర్ దగ్గర నేను లోపలే ఉన్నాను పెద్దమ్మా. ఒక్కమాట చెప్పుంటే..."

"నువ్వు ఇంటికొచ్చినప్పుడు పోన్ ఉందా అన్నావు, ఉంది అన్నాను. ఇంకేటీ అడగనేదు కదా నువ్వు."

నాలుగింటికి మళ్ళీ పరీక్ష చేసి పరవాలేదన్నారు. ఆవిడని ఇంటి దగ్గర దింపాక, కార్డు ఇచ్చామని లైనంతటికీ మెసేజ్ కొట్టడానికి ఫోను తీశాను. ఒడియా అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది. "వద్దు భాయ్. నువ్వు చెబితే ఆఫీసు చెప్పినట్టు." ఫోను జేబులో పెట్టుకున్నాను గానీ, మిగిలినవి మూడు రోజులు. ఏమీ చెయ్యకుండా ఉండటం అంత కష్టమని అప్పటిదాకా తెలియదు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "అయ్యిందా?"

"అయ్యింది," అన్నాను. తెలుగులోనే వచ్చింది.

"ఎవులికి?"

చెప్పాను. ఏ ఇల్లో, ఏ ఊరివాళ్ళో, వేళ్ళు ఎలా ఉన్నాయో, కార్డు ఎలా ఇచ్చారో. నేను కాళ్ళు కడుక్కునే లోపల అమ్మ చెప్పులేసుకుంది. పక్కింటి పిన్ని ఆడపడుచు ఆ లైన్లోనే ఉందట. నా పట్టికలో ఆ చుట్టరికం ఎక్కడా లేదు.

శనివారం మేడమ్ వచ్చి పట్టీ మీద నల్లగీతలు చదివారు. తాళం మాట మార్చేశారు, పట్టీని మాత్రం తియ్యలేదు. పదకొండో నెలతో నా కాంట్రాక్టు ముగిసింది. పొడిగించలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. పోయేముందు ఫారంలో ఇరవై మూడో ప్రశ్న చేర్చి వచ్చాను: ఈ పని మీకు తెలిసినవాళ్ళలో ఎవరికి అయ్యింది, ఎవరికి కాలేదు? దాని పక్కన గడి పెట్టలేదు. అరపేజీ ఖాళీ వదిలాను.

కానీ నేను చెప్పదలచుకున్నది ఆ బుధవారం పొద్దుట సంగతి. కౌంటర్ తెరవడానికి అరగంట ముందే వెళ్ళాను. వీధి మలుపు తిరగడానికి భయం వేసింది, ఖాళీగా ఉంటే ఇంకేం చెయ్యాలో నాకు తెలియదు. తిరిగాను. తెలుగు లైను లైనంతా అక్కడుంది. పుస్తకాలు చీర కొంగుల్లో, చొక్కా జేబుల్లో, పాలిథిన్ సంచుల్లో. ముందు అరుగు మీది పెద్దాయన. నన్ను చూసి, "రా బాబూ, నీ ఆఫీసు ఇంకా తెరవనేదేటి? టైము మాకే సెప్తారు," అన్నాడు.

వరుసకి పక్కన, నిన్నటి బల్ల మీదే, ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్ళో కొత్త కార్డు. 

"ఏమైంది పెద్దమ్మా? బాగాలేదా? మళ్ళీ ఎందుకొచ్చారు?"

"బాగానే ఉన్నాను. పొద్దున్న నిండు బిళ్ళే ఏసుకున్నాను." కార్డు కాస్త పైకెత్తి, వరుస చివర ఇంకా అనుమానంగా నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళ వైపు చూసింది. "ఎవులైనా అడుగుతారు కదా బాబూ, అయ్యిందేటి అని. ఉండాలి కదా ఒకలు."